తలకట్టు

వెర్నా హాల్వర్సన్ గారి నిమ్మచెట్టు
మా ప్రహరీ మీదికి వంగి కాస్తుంది.
పసడీనాలో మా పరిచయం అలా మొదలైంది,
రాలిన కాయలు ఎవరివన్న తగువుతో.

ఏం పని చేసేవాడివి అంది.
తెనాలిలో ప్రూఫులు దిద్దేవాణ్ణన్నాను.
నా కళ్ళద్దాల మందం కాసేపు చూసి
"నేనూ అంతే" అంది.

అరవై రెండు, జూలై.
కొండ కింది ప్రయోగశాలలో
ఇరవై నాలుగేళ్ళ వెర్నా,
చెవి వెనక పెన్సిలు, ఒళ్ళో రబ్బరు పొట్టు,
శుక్రుడి దాకా పోయే దారిని
అంకె తర్వాత అంకె తడిమి చూసేది.

మొదటి మారినర్ లేచింది.
అయిదు నిమిషాలు నిండలేదు,
తూలింది.
ఏ ఊరి మీదో పడకముందే
ఎవరో మీట నొక్కి పేల్చేశారు.
చేత్తో రాసిన సమీకరణంలో
ఒక అక్షరం నెత్తిన ఉండాల్సిన గీత
ఎత్తి రాసేటప్పుడు జారిపోయిందట.
కాదు, రెంటి మధ్య అడ్డగీత అన్నారు పేపర్లవాళ్ళు.
ఏదైతేనేం,
మా ప్రెస్సు భాషలో
తలకట్టు ఎగిరిపోయింది.

"ఆ కాగితం నా బల్ల మీదికి రాలేదు."
ఈ మాట నాకు మూడుసార్లు చెప్పింది.
మూడోసారి చెప్పి, ఆగి,
"వచ్చుంటే పట్టుకునేదాన్నా?"

నెల దాటి ఆరు రోజులకి రెండోది లేచింది.
దారిలో ఒక రెక్క చచ్చింది, ఒళ్ళు కాగింది,
అయినా డిసెంబరులో శుక్రుడి పక్కనుంచి
నలభై రెండు నిమిషాలు చూపు తిప్పకుండా చూసింది.
అక్కడ సీసం కరిగే వేడని కబురంపింది.
సీసం అనగానే నాకు
మా కంపోజింగు గళ్ళు గుర్తొచ్చాయి:
కొమ్ములూ, గుడులూ, ఒత్తులూ, వట్రసుడులూ
అన్నీ కరిగి
ఏ మాటా కాని ఒకే ముద్ద.

శుక్రుడితో మాకూ లెక్కలుండేవి వెర్నా!
మూఢం వచ్చిందా, పెళ్ళిళ్ళు లేవు,
శుభలేఖలు లేవు,
ట్రెడిల్ మీద పిల్లి పడుకునేది,
ఓనరు చిదంబరయ్య సగం జీతం చేతిలో పెట్టి
ఆకాశం వంక చూపించేవాడు.

జనవరిలో మీ మారినర్ గొంతు పడిపోయింది.
ఇప్పటికీ సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉందంటావు,
విడిచే తిథి లేని మూఢంలో.

ఆమె ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.
దిద్దేవాడికి తెలుసు,
కన్ను తనకి కావలసిన గీతని
లేనిచోట కూడా గీసుకుని ముందుకెళ్తుంది.

అందుకని నా సంగతి చెప్పాను.
ఓసారి నా చేతుల్లోంచే ఒక సున్నా జారి
ఉత్సవాల కరపత్రంలో
నంది కాస్తా నది అయి కూర్చుంది.
"సాయంత్రం ఆరు గంటలకు
నది వాహనంపై స్వామివారి ఊరేగింపు."
రెండువేల కాపీలు.
ఊరంతా నవ్వింది. ఏదీ కూలలేదు.

నవ్వుతుందనుకున్నాను.
ఆమె చేతిలో నిమ్మకాయని
గోరుతో గీరుతూ ఉండిపోయింది.
"ఎద్దు పోయి నది వచ్చిందన్నమాట.
పెద్ద నదేనా?"

కృష్ణంత, అన్నాను.