మిగిలిన మూడక్షరాలు

మూడు వారాలకని మా ఊరికో జట్టొచ్చింది.
పదేసి ఓవర్ల ఆట. గంటన్నరలో తేలిపోతుంది,
ఎండు చిక్కుళ్ళు పొయ్యి మీద మెత్తబడేలోపు.
గుండెల మీద బులవాయో అని పెద్దక్షరాలు,
వీపు మీద మాత్రం ఎవరెవరివో పేర్లు.
పెషావర్ వాడొకడు, పెర్త్ వాడొకడు,
నోరు తిరగని ఐర్లండ్ పేరొకటి,
మూడుసార్లు విప్పి నాలుగుసార్లు కుట్టాను దాన్ని.

పేర్లు అచ్చేసే యంత్రం హోటల్లోనే ఉంది.
కరెంటు లేదు.
అందుకే లోబెంగులా వీధి చివర
నా తొక్కుడు మిషను గుర్తొచ్చింది వాళ్ళకి.
అక్షరానికి అర డాలరు.
పొడుగు పేర్లవాళ్ళంటే నాకు ఇష్టం పుట్టింది అప్పుడే.

పక్కింటి వుసుముజి
ఆ జట్టుకి నెట్స్‌లో బంతులేసేవాడు.
రోజుకి పది డాలర్లు, ఒక అరటిపండు,
పాత బూట్లు ఇస్తామన్న మాట.
మకోకోబాలో తెల్లారగట్ల కోంబీ ఎక్కి
కిటికీ పక్క కూర్చునేవాడు కాదు, భుజానికి చలిగాలి తగులుతుందని.
వాళ్ళమ్మ నోమలంగ బజార్లో టమాటాలు అమ్ముతుంది,
రాశికి ఐదు, పైన కొసరు ఒకటి.
కొడుకేం చేస్తాడని అడిగితే
"వాళ్ళు బాదుకోడానికి వేస్తాడు" అనేది, నవ్వకుండా.

ఆరో ఆటనాడు హింక్‌సన్‌కి తొడ పట్టేసింది.
బార్బడోస్ మనిషి. నా మిషను చక్రం నిమిరి
మా నాయనమ్మకీ ఇలాంటిదే ఉండేదన్నవాడు.
ఇంకో ఇద్దరికి కడుపులు చెడ్డాయి
(మాకు నీళ్ళు వారానికి మూడు రోజులే,
వచ్చినప్పుడు వాటి రంగు గురించి మాట్లాడుకోం).
మేనేజరు ఆ చొక్కా తెచ్చి బల్ల మీద పడేశాడు.
"పేరు తీసెయ్ మాడూబే, ఇరవై నిమిషాల్లో."
"కొత్త పేరేం పెట్టను?"
"అక్కర్లేదు. సబ్‌స్టిట్యూటుకి పేరుండదు."

బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపాను.
హెచ్ పోయింది. ఐ సులువు. ఎన్‌కి మూలలెక్కువ.
కే ఊడేసరికి బయట హారన్, ఆగని హారన్.
చేతిలోంచి చొక్కా లాక్కుపోయారు.
తీసినచోట సూది బెజ్జాలు.
తీయనిచోట ఎస్, ఓ, ఎన్.

సాయంత్రం బీరుకొట్టు ముందు, జనరేటరు పొగలో,
నోమలంగ ఖాళీ డబ్బా బోర్లించి కూర్చుంది.
ఎనిమిదో ఓవర్లో టీవీ మావాణ్ణి చూపించింది,
తాడు దగ్గర, వీపు మావైపు పెట్టి
మోకాళ్ళ మీద చేతులు.
సన్.
కొడుకు.
ఎవరి కొడుకని ఎక్కడా లేదు.
తాగుతున్నవాళ్ళలో ఒకడు కూడబలుక్కుని పైకే చదివాడు.
ఇంతలో బంతి లేచింది, వాడివైపే లేచింది,
వాడు పరిగెత్తాడు, ఎగిరాడు,
వేలి కొసలకి తగిలి అవతల పడింది.
కామెంటరీలో ఎవరో హింక్‌సన్ అన్నారు,
సర్దుకుని, సబ్‌స్టిట్యూట్ అన్నారు.
నోమలంగకి ఆ రెండూ వినబడలేదు.
"చూశావా," అంది నా మోచెయ్యి పట్టుకుని,
"వాళ్ళే రాశారు."
అవునన్నాను.

జట్టు ఓడి వెళ్ళిపోయింది.
వచ్చే ఏడు ఉంటుందంటారు, హరారేలో అంటారు, దుబాయ్‌లో అంటారు.
నూటపద్దెనిమిది అక్షరాల డబ్బు నాకింకా రావాలి.
బూట్లు ఇవ్వలేదు.
చొక్కా అడగడం మరిచిపోయారు.

జూన్ చలికి అది నోమలంగ స్వెటరు మీదకెక్కింది,
ముందు ఊరు, వెనక ఆ మూడక్షరాలు,
బజారంతా ఆమెని వెనకనుంచే గుర్తుపడుతోంది.
మొన్న విప్పి తెచ్చింది, ఎస్ అంచు లేస్తోందని.
"గట్టిగా కుట్టు. ఎంతిమ్మంటావు?"
అక్షరానికి అర డాలరు, అన్నాను అలవాటుగా.
బల్ల మీద ఒక రాశి పోసింది.
పైన కొసరు ఒకటి.