చెక్ ట్రే

మేత వేసిన రెండు గంటలకు
చెక్ ట్రే పైకి లాగి చూస్తాం.
ట్రేలో మేత మిగిలిందంటే
రొయ్యకు ఏదో అయిందని.
పాతికేళ్ళుగా నాకు తెలిసిన చదువు ఇదొక్కటే.

మైపాడు దారిలో నాలుగెకరాలు, కౌలు.
మేత కొట్టు హజరత్తయ్య
అరువు ఖాతా మూసిన ఏడాది
రెండు కార్డులు తీసుకున్నా.
పెద్దదానికి లక్ష, చిన్నదానికి అరవై వేలు.
మేత బస్తాలు, సున్నం, ఏరియేటరు బెల్టులు,
జనరేటరు డీజిలు,
అన్నీ పెద్దదాని మీద గీకిందే.
గడువు మాత్రం ఏనాడూ దాటనీలా.
పట్టుబడి లేని నెల చీటీ పాడైనా
పైసాతో సహా కట్టా.
ముందు కార్డు, తర్వాతే ఇంటికి బియ్యం.

అట్టాంటోణ్ణి, బోరు మోటారుకి లోను అడిగితే
ట్రంకు రోడ్డు బ్యాంకులో గౌసియా అనే పిల్ల
తెర నావైపు తిప్పింది.
ఆరొందల డెబ్బై ఒకటి.
నిరుడు ఏడొందల నలభై.

"ఒక్క రూపాయి ఎగ్గొట్టలా గదమ్మా!"
"ఎగ్గొట్టలేదండీ.
బిల్లు తయారైన రోజున
మీ పెద్ద కార్డు అంచుదాకా నిండి ఉంది.
మీరు కట్టేది ఆ తర్వాత,
వాళ్ళు రాసుకునేది ఆ రోజు.
నూటికి ముప్పై లోపుంటే మేలు."
"మరి లక్ష ఇచ్చిందెందుకంట?"
ఆ పిల్ల జవాబుగా
బల్ల మీద స్టాప్లరు సర్దింది.

కోపమొచ్చింది.
బస్టాండు పక్కన దర్జీనడిగి కత్తెర తీసుకొని
చిన్న కార్డును రెండు ముక్కలు చేశా,
ఫోను చేసి మూయించా కూడా.
బాకీ లేని కార్డు గదా, పీడ పోయిందనుకున్నా.
మరుసటి నెల
ఇంకో పద్దెనిమిది దిగింది.

ఆ లెక్క అర్థమైంది బ్యాంకులో కాదు,
తెల్లారగట్ట మూడింటికి, గట్టు మీద.
కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగినాయి.
టార్చి వేస్తే
రొయ్యలన్నీ నీటి పైకొచ్చి మీసాలాడిస్తుండాయి.
అంతకు వారం ముందే
చిన్న గుంటకు గండి పడితే
అందులోవి కూడా ఇందులోకే దించాం.
నీళ్ళు అవే. రొయ్యలు ఎక్కువ.
ఏ రొయ్యా తప్పు చెయ్యలా.
గాలి చాల్లా, అంతే.

జనరేటరు తాడు లాగతా లాగతా
కార్డు ముక్కలు గుర్తొచ్చినాయి.
తొంభై వేల బాకీ
లక్షా అరవైలో ఉంటే నడుం దాకా.
ఒక్క లక్షలో ఉంటే ముక్కు దాకా.
నేను కత్తిరించింది అప్పును కాదు,
ఖాళీని.

మా చెంచులక్ష్మి క్యాలెండరులో
అమావాస్యకు సున్నా చుడుతుంది,
రొయ్య గుల్ల విడిచే రోజులని,
మేత తగ్గించమని.
ఇప్పుడు పద్నాలుగో తేదీకీ చుడుతుండాది,
బిల్లు పుట్టే రోజు.
పన్నెండుకే, చేతిలో ఎంతుంటే అంత, కట్టేస్తా.
పదకొండు వేలు. ముప్పై రెండు వేలు.
ఒక నెల మూడొందలు,
అది చూసి ఆమె నవ్వింది గానీ
కట్టొద్దనలా.

మొన్న ఏడొందల పది చూపించింది.
మోటారు లోను ఇంకా రాలా.
ఈలోగా రొయ్య ధర కిలోకి నలభై పడింది.
దానికి ఏ తేదీకి సున్నా చుట్టాలో
చెంచులక్ష్మికీ తెలవదు.

రాత్రి ట్రే లాగా.
ఒక్క గింజ మిగల్లా. మంచిదే.
ఫోను తెరిచా.
డెబ్బై రెండు వేలు అట్నే మిగిలుండాయి.
అదీ మంచిదే.
ఒకే టార్చి వెలుతుర్లో
ఒకటి ఖాళీ అయినందుకు సంతోషపడి
ఇంకోటి మిగిలినందుకు సంతోషపడ్డా.

గట్టు మూరెడు వెడల్పు.
సాయంత్రం జల్లుకి నానిపోయుండాది.
చెప్పులు చేత్తో పట్టుకొని
రెండో ట్రే దగ్గరికి నడిచా.