ఇరవై ఏడు ఓడలు

మూడు వారాలు మాకు అర్థం కాలేదు.
వాడు పెరుగన్నం కంచం నెట్టేశాడు,
మణికట్టు కొరుక్కున్నాడు,
ఎడమ దవడని తన పిడికిలితో తనే
తలుపు కొట్టినట్టు కొట్టుకున్నాడు.
"పదిహేనేళ్లొచ్చాయి, వయసు తిక్క" అన్నాడు మా బావ.
మా ఆవిడ దిష్టి తీసి
ఎర్రనీళ్లు మూడు దార్ల మధ్య పారబోసింది.
లోపల నేనున్నాను, తియ్యండి, తియ్యండి అని
వాడు తలుపే కొడుతున్నాడని
నాకు తట్టలేదు.

షిప్‌యార్డులో ఇరవై రెండేళ్లుగా వెల్డర్ని.
ఇనప్పలకలో వెంట్రుకంత పగులున్నా
సుత్తితో తట్టి, చప్పుణ్ణి బట్టి చెబుతాను.
కొడుకు నోట్లో పుచ్చు
నాకు వినపడలేదు.

మొదటి డాక్టరు, పేరెందుకులెండి,
"ఇద్దరు పట్టుకోండి" అన్నాడు.
పట్టుకున్నాం, నేనూ మా బావా.
అప్పుడు వాడు నన్ను చూసిన చూపు
ఇక్కడ రాయను.

మహారాణిపేటలో, మెట్లు దిగే సందులో,
నఫీసా గారిది రెండు కుర్చీల క్లినిక్.
మొదటి రోజు ఆవిడ నోరు చూడనే లేదు.
కుర్చీని పైకీ కిందకీ ఆడిస్తూ
"ఏంటిష్టం నీకు?" అంది. నన్ను కాదు, వాణ్ణి.
వాడు చెప్పలేడు గనక నేనే చెప్పాను:
ఓడలండీ. ఆదివారం యారాడ కొండెక్కితే
బెర్తు కోసం లంగరేసుకున్నవన్నీ లెక్కపెడతాడు, పెదాల్లోనే.
ఒకటి తగ్గితే మాత్రం పైకి ఒకే మాట:
"ఎల్లిపోనాది."

రెండోసారి లైటు. స్విచ్చు వాడి చేతికే ఇచ్చింది.
మూడోసారి చిన్న అద్దం, వాడి గోరు మీద.
నాలుగోసారి మిషను చప్పుడుకి చెవులు మూసుకుని పారిపోయాడు,
కేజీహెచ్ డౌను దాకా వెనకాలే పరిగెత్తాను, చెప్పుల్లేకుండా.
ఐదోసారి నా వెల్డింగు ముసుగు సంచిలో పెట్టుకెళ్లాను.
వాడు దాన్ని పెట్టుకోలేదు. డాక్టరమ్మకి తొడిగాడు.
ఆ నల్లద్దంలోంచి ఆవిడకేం కనపడుతుంది,
అయినా నవ్వు వినపడింది.
ముసుగు తీసి, ఒక్కో పన్నూ తాకుతూ,
"ఒకటో ఓడ, రెండో ఓడ..."
వాడు నోరు మూయలేదు.
లెక్క మధ్యలో ఎలా మూస్తాడు?

ఎడమ పక్క, కింద, చివరి నుంచి రెండోది
అడుగు తుప్పట్టిపోయింది.
మత్తు సూదికి ఏడ్చాడు, అబద్ధమెందుకు.
తీసింది దూదిలో పెట్టి చూపిస్తే
చాలాసేపు చూసి
"ఎల్లిపోనాది" అన్నాడు.
బాధో సంతోషమో, ఆ గొంతులో
నాకెప్పుడూ తెలీదు.

ఇప్పుడు రాత్రిపూట మా ఇంట్లో ఇదొక డ్యూటీ.
బ్రష్షుకి పాత సైకిలు హ్యాండిలు రబ్బరు తొడిగాను,
వాడి పట్టుకి సరిపోయేలా.
పేస్టు బఠానీ గింజంత. ఘాటుండకూడదు.
వెనక నిలబడి, వాడి తల నా గుండెకానించుకుని,
అద్దంలో ఇద్దరం.
కొన్ని రాత్రులు పదహారు దాకా ఒప్పుకుంటాడు.
కొన్ని రాత్రులు నా వేలు కొరుకుతాడు, మచ్చ ఉంది.
ఒక్కోసారి బ్రష్షెళ్లి కాలవలో పడుతుంది, ఆ పూటకంతే.
ఇరవై ఏడూ అయిన రాత్రి
వంటింట్లోకి కేకేసి చెబుతాను.

నిన్న బ్రష్షు లాక్కుని నా గెడ్డం పట్టుకున్నాడు.
నోరు తెరిచాను.
ఖైనీ మరకలు, ఇరవై రెండేళ్ల ఇనప పొగ.
వేలితో తాకుతూ, పెదాలు కదుపుతూ
వెనక్కి వెనక్కి పోతున్నాడు.
ఒక ఖాళీ దగ్గర ఆగాడు.
ఇంకొకటి. ఇంకొకటి.
తలెత్తి నా మొహంలోకి చూశాడు,
రెండో చెయ్యి తెచ్చి నా దవడ మీద ఆనించాడు.

నొప్పి లేదురా, ఎప్పుడో పోయాయవి, అందామంటే
నోట్లో వాడి వేలుంది.