పదకొండు సంచులు

నా కొలువంతా గొంతులనే ఉంది.
నల్లగొండ కోర్టు వరండాల నిలబడి
పేరును మూడుసార్లు పిలుస్తా.
మొదటిది మెట్ల దాకా,
రెండోది టైపు మిషన్ల దాకా,
మూడోది గేటు బయట చాయబండి దాకా పోవాలె.
ఇరవై రెండేండ్ల సంది
అంతకు మించి ఒక్క అడుగు పోలేదు నా పిలుపు.

"ప్రతివాది పోలిశెట్టి కైలాసం... హాజిర్ హై?"

సమన్లు రెండుమార్లు తిరిగొచ్చినయి.
మూడోమారు మిర్యాలగూడల ఆయన తలుపుకే అంటించి
ఫొటో తీసుకొచ్చిండు అమీను:
తాళంకప్ప, దాని మీద కాయిదం,
కాయిదం మీద అమీను నీడ.
పేపర్ల గూడ ఏయించిండ్రు,
ఫంక్షన్ హాలు ప్రకటన పక్కన, అగ్గిపెట్టెంత.

పావురాలు లేచినయి గానీ
ఎవరూ పలుకలేదు.
లోపలికి పోయి "లేడు మేడం" అన్నా.
ఎక్స్‌పార్టీ అని రాసుకున్నది.
ఆ ఒక్క మాటకు సిరా ఎంత పడుతది?

ఈదమ్మది గుర్రంపోడు దిక్కు.
మూడు వందల నలభై బత్తాయి చెట్లు.
కత్తెర కాపును గుత్తకు మాట్లాడుకున్నడు కైలాసం
నాలుగు లక్షల ఎనభై వేలకు.
నలభై వేలు బయానా.
బాండు పేపరు మీద రెండు సంతకాలు, ఒక వేలిముద్ర.
ఉగాది ఎల్లిన పదోనాటికి కోత అని రాసుకున్నరు.
పదోనాడు పోయింది. ఇరవయ్యోనాడు పోయింది.
ధర పడ్డదని ఎవరో చెప్తే విన్నది.
ఆయన ఫోన్ల మాత్రం ఒక ఆడపిల్ల
స్విచ్చాఫ్ అని
మర్యాదగ చెప్పేదట, రోజూ.

బోనెక్కింది. ప్రమాణం చేసింది.
ఎదురు వకీలు లేడు,
గుచ్చి గుచ్చి అడిగేటోడు లేడు.
ఆ దిక్కు బెంచీ మీద ఎవరో మరిచిన గొడుగొకటి పండుకొని ఉంది.
నేర్పిన లెక్క ఒప్పజెప్పుకుంట వచ్చింది:
"కాయంతా నేల రాలింది. ఒక్కటి గూడ అమ్మలే..."
అక్కడ ఆగింది.
నీళ్లడిగితే నేనే ఇచ్చిన.
"అబద్ధమమ్మా. పదకొండు సంచులు అమ్మిన.
దేవరకొండ రోడ్డు మీద గోనెపట్టా పరిచి,
బస్సులాగినప్పుడు.
ఆరువేల ఆరువందలొచ్చినయి."

ఆమె వకీలు నుదురు కొట్టుకోలేదు గానీ
చెయ్యి అక్కడి దాకా పోయింది.

"ఆయన లేడాయె.
ఆయన దిక్కు మాట ఎవరన్నా జెప్పాలె గదా"
అని మెల్లగ అన్నది.
స్టెనో రాసుకోలేదు. నేను విన్న.

బయానా తీసేసి, పదకొండు సంచులు తీసేసి
నాలుగు లక్షల ముప్పైమూడువేల నాలుగు వందలు.
నూటికి సాలుకు ఆరు వడ్డీ. దావా ఖర్చులు.
మురిగిన కాయను గుంతదీసి పూడ్చిన
ట్రాక్టరు కిరాయికి రశీదు లేదు, కొట్టేసిండ్రు.
ఆ వాసనకు నెలరోజులు అన్నం లోపలికి పోకపోవుడు
దావాల ఏ పేరా కింద రాయాల్నో
వకీలుకు గూడ తెలువదు.

కాపీ స్టాంపులకు చిల్లర లెక్కవెట్టుకుంట మెట్ల మీద కూసొని
"గెలిచిననా?" అన్నది.
గెలిచినవు.
"మరి పైసలు?"
దానికి ఇంకో నంబరు పడాలె, అమలు దరఖాస్తు.
ఆయన ఆస్తి ఎక్కడుందో నువ్వే చూపాలె.
"మనిషినే చూపలేకపోతిని" అని నవ్వింది.
మళ్ల నవ్వలేదు.
"ఇంకొక్కపారి పిలువరాదు?"
మూడే అమ్మా. నాలుగోది రూల్ల లేదు.

లేచింది. కొంగు దులిపింది.
గేటు దాటి, చాయబండి దాటి
నా గొంతు ఎన్నడూ పోని కాడికి పోయి నిలబడి
రెండు చేతులు నోటికి దోపి
వాగవతలి మనిషిని కేకేసినట్టు
"ఓ... కైలాసమూ!"

మోటారుసైకిలాపి ఒక పిలగాడు తిరిగి చూసిండు.
హెల్మెట్ తీసిండు.
"నన్నేనా అమ్మా?"

నిన్ను గాదు బిడ్డా, అన్నది.
నువ్వు పో.

అప్పటికే దేవరకొండ బస్సొచ్చింది.