రూపాయి బిళ్ళ

పదకొండేళ్ళుగా ఈ ఊరు నాకు
ప్లాట్‌ఫాం మీద పది నిమిషాలు.
విశాఖలో ట్రైనింగంటూ కావలిలో ఎక్కితే
అర్ధరాత్రి ఎవరో "బెజవాడ, బెజవాడ" అని అరిచేవాళ్ళు.
కిటికీలోంచి ఇడ్లీ పొట్లం లోపలికొచ్చేది.
నీళ్ళసీసా మూత తిప్పేలోపు
ఊరు వెనక్కి జారిపోయేది.

ఈసారి దిగాం.
షంషాదు, పెంచల, నేను.
కరెంటాఫీసు బిల్లుల కౌంటరు మూడు కిటికీలూ మూసేసి
రెండో శనివారం పొద్దున్నే దిగాం.
ఎవరి పెళ్ళీ లేదు, ఆస్పత్రి పని లేదు, మొక్కు లేదు.
"మరెందుకొచ్చారు?" అన్నాడు లాడ్జి గుమాస్తా
రిజిస్టర్లో ఆ గడి దగ్గర పెన్ను ఆపి.
"ఊరికే" అంది పెంచల.
అతను అదే రాసుకున్నాడు.

షంషాదు కాగితం మీద పద్నాలుగు చోట్లు రాసుకొచ్చింది,
టైములతో సహా.
బీసెంట్ రోడ్డు మొదట్లోనే పెంచల చెప్పు తెగింది.
చెప్పులు కుట్టే ఆయన దారానికి మైనం పూస్తూ
కూతురి ఇంటర్ మార్కులు సబ్జెక్టుల వారీగా చెప్పాడు.
కెమిస్ట్రీ దగ్గరికొచ్చేసరికి ఎండ మా మీదికొచ్చింది.
ఆ గంటలో మూడు చోట్లు పోయాయి.
లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల గుట్టల మధ్య ఇంకో నాలుగు.
ఎవరో ఎవరికో "ప్రేమతో" అని రాసిచ్చిన వంటల పుస్తకం
ముప్పై రూపాయలకు బేరమాడి కొన్నాను,
వంకాయ పేజీ మీద నూనె మరకతో సహా.
మధ్యాహ్నం ఎండకి జడిసి
లాడ్జి ఫ్యాను కింద అడ్డంగా పడి నిద్రపోయాం.
కాగితం ఎటు ఎగిరిందో మళ్ళీ ఎవరూ అడగలేదు.

సాయంత్రం బ్యారేజీ మీద గేట్లు లెక్కపెట్టాం.
డెబ్బై అంటుంది షంషాదు, చిన్నప్పుడు చదువుకుందట.
నాకు అరవై ఎనిమిదే వచ్చాయి.
మొక్కజొన్న పొత్తు తింటూ లెక్కేసిన పెంచలకి డెబ్బై మూడు.
రోజూ యూనిట్లు లెక్కేసే ముగ్గురం
గాలికి చున్నీలు ఆపుకోలేక నవ్వుతూ
లెక్క తేలకుండానే వెనక్కొచ్చాం.

ఆదివారం. రైలు వంతెనకి దగ్గర్లో, ఘాట్ మెట్ల మీద
ఒక పిల్లాడు తాడు చివర అయస్కాంతం కట్టి
కృష్ణలోకి విసిరి లాగుతున్నాడు,
అలిగిన కుక్కపిల్లని పిలుచుకున్నట్టు, మెల్లగా.
పైన బండి దడదడమంటుంటే తలెత్తకుండానే
"మద్రాసు బండి" అన్నాడు.
"ఇందులోవాళ్ళు బాగానే ఏస్తారు."

నేనూ వేసేదాన్ని.
నిద్రలోంచి లేచి మరీ, కిటికీ ఊచల్లోంచి.
ప్రమోషన్‌కొకటి, ఆయన బీపీకొకటి,
పిల్లకి మాటలు రావడానికొకటి, మూడేళ్ళు వరసగా.
(ఇప్పుడు తొమ్మిదేళ్ళు దానికి. నోరు మూయదు.)
చీకట్లో సగం బిళ్ళలు ఇనుముకి తగిలి
ఖంగుమనేవి.

వాడికి చెప్పాను.
జేబులోంచి గుప్పెడు తీసి చూపించాడు, తడిగా.
"మీవి ఇందులో ఉన్నయ్యేమో చూసుకోండి."
పెంచల నిజంగానే ఒంగి చూసింది.
"రూపాయి, రెండు అంటుకుంటయ్యండి.
పదిరూపాయల బిళ్ళ అంటదు.
అదెంత పెద్ద మొక్కైనా ఏటికే."

రాత్రి బండి వంతెన ఎక్కింది.
షంషాదు పైబెర్తు మీద గురక.
పెంచల, కుట్టించిన చెప్పుల్ని ఎవరైనా కొట్టేస్తారని
తలకింద పెట్టుకుని పడుకుంది.
కింద నీళ్ళలో ఊరి దీపాలు పొడుగ్గా సాగి ఉన్నాయి.
పర్సులో పదిరూపాయల బిళ్ళే చేతికి తగిలింది.
దాన్ని పక్కకి నెట్టి
వెతికి వెతికి రూపాయి తీశాను.
ఏమీ కోరుకోలేదు.
గురి మాత్రం చూసుకున్నాను.