మెరవకుండా

పుదుపేటలో ముప్పై ఏళ్ళుగా
మెరుపు అమ్ముకుంటున్నవాణ్ణి.
బుల్లెట్ ట్యాంకులో మొహం చూసుకుని
బండివాడు మీసం దువ్వుకున్నాకే
కూలి పుచ్చుకుంటాను.

ఆ అమ్మాయి వచ్చి
మెరవకూడదు అంది.

పళ్ళ డాక్టరట, పేరు తేజోమయి.
ఆదివారాలు కేళంబాక్కం అవతల
చుట్టూ వల కట్టిన ఖాళీ స్థలంలో
రెండు జట్లుగా దాక్కుని
ప్లాస్టిక్ గుళ్ళతో కొట్టుకుంటారట.
తగిలితే, తగిలిందని ఎవరికి వాళ్ళే చెయ్యెత్తి చెప్పి
పక్కకి వచ్చెయ్యాలట.
సిగ్నల్ దగ్గర లేని నిజాయితీ
ఆటలో ఉంటుందా అని నవ్వాను.

టవల్లో చుట్టి తెచ్చింది తుపాకీని.
నల్లగా, నూనె రాసుకున్నట్టు,
కొత్త చెప్పుల వాసనతో.
మూతి మాత్రం నారింజ.

మట్టిరంగు కావాలి.
ఏ మట్టమ్మా?
పంటి తెలుపులోనే పదహారు రకాలు చూసే మనిషి,
నా రంగుల అట్ట పక్కన పెట్టేసి
బయటికెళ్ళి, నా స్కూటర్ మడ్‌గార్డు కింద
ఎండిన బురదని గోటితో గీకి
కాగితంలో పెట్టి తెచ్చింది.
ఇది, అంది.

విప్పాం. ఇలియాస్ మరలన్నిటినీ
ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా పేర్చాడు.
సబ్బునీళ్ళు, ఆరువందల నంబరు గరుకు కాగితం,
బూడిదరంగు ప్రైమరు.
ముక్కలు తీగకి వేలాడుతుంటే
కాసిమేడులో ఎండబెట్టిన చేపల్లా ఉన్నాయి.
టీ కుర్రాడు వాటి మధ్యనుంచే
తల వంచి దూరి
గ్లాసులు పెట్టిపోయాడు.

మెరుపు రాకుండా కొట్టడం చాలా కష్టం.
అలవాటుకొద్దీ చెయ్యి దగ్గరికి పోతుంది,
రంగు తడిసి నిగనిగలాడుతుంది.
దూరం నుంచి, పొడిపొడిగా,
పిండి జల్లించినట్టు రాలాలి.
మొదటిసారి పైపూత పాలు కక్కింది.
అక్టోబరు. కూవం మీంచి తేమగాలి.
గీకేశాను. నాలుగు రోజులు ఊరికే పోయాయి.
ఐదో రోజు ఎండ కాసింది.

ఆ తర్వాత పాతదనం అడిగింది.
అంచులు అరిగినట్టు,
లోపలి లోహం తొంగి చూసినట్టు.
కొత్తదాన్ని పాత చెయ్యడానికి డబ్బు!
ఆ రాత్రి మా ఆవిడ కుట్టుమిషను చక్రం చూశాను.
పొద్దున 29సి బస్సు మెట్టు దగ్గర కడ్డీ చూశాను.
చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడే అరుగుతుంది వస్తువు.
పొడి బ్రష్షుతో వెండిరంగు
ఉందా లేదా అన్నట్టు తాకించాను.

బిగించి గోడకి ఆనించాం.
టీ కుర్రాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.
వాడి చేతిలో గ్లాసులు
చిన్నగా మోగాయి.

అదే ప్లాస్టిక్కు. అవే మరలు.
వాడు తల వంచి దూరిన ఆ చేపలే.
భయం నేను కొట్టిందే,
మూడు పూతల్లో.

సాయంత్రం ఆమె,
మూతికి కూడా ఇదే రంగు వేసెయ్యండి,
పొదల్లోంచి దూరానికి కనిపిస్తోంది, అంది.
కనిపించనీ అమ్మా, అన్నాను.
కేటీఎం బండికి కొట్టగా మిగిలిన నారింజ
డబ్బా అడుగున కొంచెం ఉంది.
మూతికి ఇంకో పూత వేశాను,
ఈసారి నా పద్ధతిలో, తడితడిగా.
దానికి డబ్బు తీసుకోలేదు.
ఆమె కాసేపు నన్ను చూసింది,
నోరు తెరవనని మొండికేసే రోగిని చూసినట్టు.
టవల్లో చుట్టుకుని వెళ్ళింది.

మార్చిలో మళ్ళీ వచ్చింది, మర ఒకటి వదులైందని.
నేను గీసిన అరుగుదలలు
ఎక్కడివక్కడ, బుద్ధిమంతుల్లా ఉన్నాయి.
వెనక, నేనసలు ఊహించని చోట,
ఆమె చెంప ఆనించే చోట,
చెమటకో, పౌడరుకో
రూపాయి బిళ్ళంత మేర
పూత నునుపు తేలింది.

మళ్ళీ కొట్టమంటావా, అన్నాను.
వద్దంది.
వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను.
అక్కడ మాత్రం
మెరుస్తోంది.