పాము కాళ్లు

యశ్వంతపురం సంత వెనక మందుల షాపు.
మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది.
అట్టపెట్టె మూతతో విసురుకుంటా
నింగప్ప అడిగినాడు,
"ఓబులేసూ, మీవాళ్లు మీవాళ్లను
చూస్తూనే పట్టేస్తారంట, నిజమా?"

నా పాత పేరున్న ఆధార్ కాగితం
జెరాక్సు తీయించింది ఆయనే.
ఈ ఒక్క మాట అడిగేదానికి
ఏడాది పట్టింది మనిషికి.

మా జేజి అంటాండె,
పాము కాళ్లు పాముకే తెలుసని.
ఆ మాటే కన్నడంలో పెట్టి చెప్పినా.
నింగప్ప తల ఊపినాడు.
కరెంటొచ్చింది.
ఫ్యాను తిరిగినాక
నా మాట నాకే అబద్ధంగా వినపడింది.

ఐదొందల నంబరు బస్సులో ఒకామె.
వెడల్పాటి మణికట్టు,
గొంతు దగ్గర ఉబ్బు,
టికెట్టు అడిగితే కండక్టరు తిరిగి చూసేంత బొంగురు.
అక్కా, అనుకున్నా మనసులో.
హెబ్బాళ వంతెన దాకా
నాకు తెలుసులే అన్నట్టు నవ్వుతానే ఉన్నా.
ఆమె బ్యాగు ఒళ్లోకి లాక్కుంది.
కొంగు గొంతు మీదికి జరుపుకుంది.
దిగిపోయి,
వెనక వచ్చే అదే నంబరు బస్సుకు
చెయ్యి ఊపింది.

ఇరవై రోజులకు మా షాపుకే వచ్చింది,
థైరాయిడ్ మాత్రలకు.
వెంట కూతురు, అదే మణికట్టు.
నన్ను గుర్తుపట్టలేదు.
చీటీ చదువుతుంటే నా చెవులు కాలినాయి.
హిందూపురం బస్టాండులో
మూత్రశాల ముందర నన్ను
పైనుంచి కిందికి కొలిచిన కళ్లు
ఎప్పుడు వచ్చినాయో ఏమో,
నా ముఖంలోనే కాపురం పెట్టినాయి.

రుద్రేశు సంగతి నింగప్పకు చెప్పలేదు.

మత్తికెరెలో ఒకటే గది, రెండు చాపలు,
రెండేండ్లు.
వాడు ఇంటింటికీ పార్సిళ్లు మోసేటోడు.
ఎండాకాలంలో కూడా చొక్కా విప్పడు.
సిగ్గు ఎక్కువేమో అనుకున్నా.
స్నానానికి పోతే కొళాయి ధారగా వదిలి
బకెట్టు నిండి పొర్లినా కట్టడు.
నీళ్ల బిల్లు కోసం కొట్లాడినాం.
నువ్వూ అట్లే వదుల్తావు కదా అని
వాడూ నన్నే తిట్టినాడు.
గడ్డం గీసే బ్లేడు కొన్నాం ఇద్దరం,
గీసేదానికి ఏమీ లేని రోజుల్లోనే.
ఒకరికి కనపడేటట్టు ఒకరం
అద్దం ముందర పెట్టినాం.

పోయిన ఆషాఢంలో గాలి.
మిద్దె మీద తీగ తెగింది.
నా తుండుగుడ్డ, వాని తుండుగుడ్డ,
వాటి కింద దాచి ఆరేసిన
రెండు బిగుతు బనియన్లు
నీళ్లట్యాంకు పక్కన
ఒకదాని మీద ఒకటి పడినాయి.
నల్లవి. రెండూ ఒకటే కొలత.
ఏది ఎవరిదో
చూసినా తెలియలేదు.

"ఇది నాదే" అన్నాడు రుద్రేశు.
"అదీ నాదే" అన్నా.
చానాసేపటికి గాని
మేం ఏమన్నామో మాకు తెలీలేదు.
తర్వాత వాడు నవ్వినాడు చూడు,
తడి నేల మీదే కూలబడి, పొట్ట పట్టుకొని,
కింద ఇంటి వోనరమ్మ తొంగి చూసేంత.

గొరగుంటెపాళ్య సిగ్నల్ దగ్గర
చప్పట్లు కొట్టే భాగ్యమ్మ
పది రూపాయలిస్తే నెత్తిన చెయ్యి పెట్టి
"సల్లంగుండు నాయనా" అంటుంది.
నాయనా.
తెలిసి అంటుందో,
హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాణ్నీ అంటుందో.
అడగలేదు.
పది రూపాయలకు అంతకన్నా ఎక్కువ
అడగకూడదు.

నిన్న రాత్రి షట్టరు సగం దించినాక
ఎవరో వచ్చినారు. మాస్కు, టోపీ.
మడతల దగ్గర చిరిగిన చీటీ.
ఆ ఇంజెక్షన్ పేరు నాకు నోటికొచ్చు.
నింగప్ప నా మోచేతిని పొడిచినాడు,
కళ్లతోనే అడిగినాడు: అవునా?

నేను తేదీ చూసినా.
డాక్టరు సంతకం చూసినా.
సూది ఏ సైజో చూసినా.
నల్ల కవరులో చుట్టి, చిల్లర లెక్కపెట్టి
అరచేతిలో పోసినా
తల ఎత్తకుండా.

"పోయిరా" మాత్రం
కొంచెం మెల్లగా అన్నానేమో.
మెట్టు దగ్గర ఒక్క క్షణం
చెప్పుల చప్పుడు ఆగింది.